పిల్లలకు ఇళ్ల గురించి, ఇటుకల గురించి ఎలా నేర్పాలి? బడి గోడ దగ్గర మొదలుపెట్టండి

ప్రైమరీ బడిలో ఇళ్ల పాఠం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. గోడ మీద చార్టు, దాంట్లో వరసగా పూరిగుడిసె, పెంకుటిల్లు, డాబా, చివర్లో అపార్ట్‌మెంటు. టీచర్ ఒక్క మాట తప్పు మాట్లాడకపోయినా ఆ వరసే పిల్లలకు చెప్పాల్సింది చెప్పేస్తుంది, తాటాకింటి పిల్ల తల దించుకుంటుంది. ఈమధ్య పర్యావరణం పేరుతో వచ్చే పోస్టర్లు దీన్నే తిరగేసి "మట్టి మంచిది, సిమెంటు చెడ్డది" అంటున్నాయి. అప్పుడు తల దించుకోవడం డాబా ఇంటి పిల్లల వంతు. రెండు రకాలుగానూ పిల్లలకు వచ్చేది తీర్పే గానీ చదువు కాదు.

అందుకని ఈ పాఠంలో ఏది మంచిది, ఏది చెడ్డది అన్న మాట మనం అనం. ఏ వస్తువు కనపడినా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేస్తాం, అంతే.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?
దీనికి ఎంత మంట పెట్టారు?
ఇల్లు పడగొట్టాక ఇదేమవుతుంది?

ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాసి తరగతి గోడకు అంటించేయండి. కింద చెప్పినవన్నీ మూడు, నాలుగు, ఐదు తరగతులకు సరిపోతాయి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకైతే ముట్టుకోవడం, వేరు చేయడం, మట్టిలో ఆడడం వరకు చాలు, డిగ్రీలూ లెక్కలూ వద్దు. వారానికో శనివారం, మీ దగ్గర నో బ్యాగ్ డే ఉంటే ఆ రోజు పెట్టుకోండి. రెండు, రెండున్నర నెలల్లో తీరిగ్గా అయిపోతుంది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు, ఒక గది థర్మామీటరు కొంటే మిగతావన్నీ ఊళ్లో దొరికేవే.

మొదటి పని: బడిని తడిమి చూడటం

పిల్లల్ని బయటికి తీసుకెళ్లి బడి కట్టడాన్ని కింద నుంచి పైదాకా చూడమనండి. అయిదుగురికో జట్టు. ఒక జట్టుకు నేల, ఒకరికి గోడలు, ఒకరికి పైకప్పు, ఒకరికి తలుపులు కిటికీలు, ఇంకో జట్టుకు ప్రహరీ, వంటగది, మరుగుదొడ్డి. ఒక్కో జట్టు దగ్గర ఒక నోట్సు, ఒక చాక్‌పీసు. చేత్తో తట్టాలి, చెంప ఆనించాలి, చప్పుడు వినాలి, ఊడిపోయిన చోట లోపల ఏముందో తొంగి చూడాలి.

ప్లాస్టరింగ్ పెచ్చులూడిన చోటే అసలు పాఠం దొరుకుతుంది. బాగా రంగులేసిన గోడను చూసి "ఇది దేంతో కట్టారు?" అంటే పిల్లలు "రంగుతో" అంటారు, వాళ్ల తప్పేం లేదు, కనపడేది అదే. పెచ్చు ఊడిన చోట ఇటుక, దాని మధ్య సిమెంటు, పైన ఇసుక కలిపిన పూత, ఆ పైన సున్నమో రంగో వరసగా కనపడతాయి. ఆ పొరలను పక్కనే చాక్‌పీసుతో బాణం గుర్తులు పెట్టి పేర్లు రాయించండి. స్లాబు అంచున తుప్పు పట్టిన కడ్డీ తేలి ఉంటే అదీ చూపించవచ్చు గానీ దాని కింద పిల్లల్ని నిలబెట్టకండి. హెడ్‌మాస్టరు గారికి ఆ సంగతి కాగితం మీద రాసివ్వడం అంతకంటే ముఖ్యం.

అదే రోజు ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం బడి వదిలే ముందు ఒకసారి పడమటి గోడనూ, చెట్టు నీడ పడే గోడనూ చేత్తో ముట్టుకోమనండి. ఏ గోడ కాలుతోంది, ఏ గోడ చల్లగా ఉంది అని రాసుకుంటారు. ఇది తర్వాత పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. బడి ఆవరణలో పాత సిమెంటు రేకుల ముక్కలు పడి ఉంటే పిల్లల చేత ఏరించకండి, విరగ్గొట్టించకండి, దగ్గరికే పోనివ్వకండి. మన దగ్గర పాత రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. అది విరిగినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

రెండో పని: ఇంటి దగ్గర పెద్దవాళ్లను అడిగి రావడం

హోంవర్కు ఇదొక్కటే. ఇంట్లో నాయనమ్మనో తాతయ్యనో, లేకపోతే వీధిలో ఎవరైనా పెద్దవాళ్లనో మూడు ముక్కలు అడగాలి: మీ చిన్నప్పుడు మీ ఇల్లు దేంతో కట్టారు, ఆ సామాను ఎక్కడి నుంచి తెచ్చారు, ఎవరు కట్టారు. అంతకు మించి ఇవ్వకండి, ఎక్కువ ప్రశ్నలిస్తే అమ్మానాన్నలే కూర్చుని రాసి పంపిస్తారు.

ఊరిని బట్టి జవాబులు మారతాయి. రాయలసీమ అయితే చౌడు మిద్దె కథలు వస్తాయి: కట్టెల మీద మట్టి పరిచి, పైన చౌడు పోసి, వానలు పడేముందు మళ్లీ కొత్త చౌడు వేసేవాళ్లమని. శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిళ్లు. గుండ్రటి గోడ, దాదాపు నేలకు తగిలేలా వాలిన గడ్డి కప్పు, అందుకే తుఫాను గాలికి పట్టు దొరకదు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు, పెంకులు, తాటి దూలాలు. తెలంగాణ పల్లెల్లో మట్టి గోడలు, గూన పెంకులు, వాకిట్లో బండలు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఉంటే వాళ్లకు ముందు అవకాశం ఇవ్వండి. ముఖ్యంగా ఇటుక బట్టీల పక్కన ఉన్న బడుల్లో ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు తరగతిలో ఉంటారు, భాష రాక వెనక బెంచీలో కూర్చుంటారు. ఇటుక ఎలా చేస్తారన్న సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు. ఆ ఒక్క పీరియడ్ వాళ్లే టీచర్లు.

విన్నవన్నీ బోర్డు మీద రాశాక "అప్పట్లో ఇంటి సామాను ఎంత దూరం నుంచి వచ్చేది?" అని అడగండి. ఎక్కువగా చెరువు, పొలం, పక్క ఊరు, అడవి అని వస్తుంది. కేరళలో వందల ఇళ్లు తక్కువ ఖర్చుతో కట్టిన లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పచ్చు. ఆయన ఇంగ్లండులో 1917లో పుట్టాడు, ఇండియాకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మంచి ఇల్లంటే చుట్టూ ఐదు మైళ్ల లోపు దొరికే సామానుతో కట్టిందే అని గాంధీ తనతో అన్నాడని ఆయన చెప్పేవాడు. ఐదు మైళ్లంటే సుమారు ఎనిమిది కిలోమీటర్లు. మీ మండలం మ్యాపు తీసుకుని, బడిని మధ్యలో పెట్టి, స్కేలు ప్రకారం ఎనిమిది కిలోమీటర్ల వృత్తం గీయించండి. లోపల ఏం దొరుకుతాయి, బయటి నుంచి ఏం వస్తున్నాయి? ఇసుక ఏ రేవు నుంచి, కంకర ఏ క్వారీ నుంచి, సిమెంటు ఏ ఊరి నుంచి? బస్తా మీదే ఫ్యాక్టరీ ఊరు రాసి ఉంటుంది, ఖాళీ బస్తా ఒకటి తెప్పించి చదివించండి. జగ్గయ్యపేట, మట్టంపల్లి, ఎర్రగుంట్ల, తాండూరు లాంటి పేర్లు కనపడతాయి. అక్కడే ఎందుకంటే అక్కడ నేలలో సున్నపురాయి ఉంది కాబట్టి. ఇలా చెప్తే పిల్లలకు భూగోళం పాఠం కూడా కలిసొస్తుంది.

మూడో పని: మంట లెక్క

ఈ భాగం చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో ఇదే గుండెకాయ. పర్యావరణం, కార్బన్ అని గాల్లో మాట్లాడితే ఎనిమిదేళ్ల పిల్లలకు ఏమీ పట్టదు. మంట అంటే పడుతుంది.

వంటగదిలో నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. దాన్ని కొలతగా పెట్టుకోండి. ఎర్ర ఇటుక బట్టీలో కాలేది సుమారు 900 నుంచి 1000 డిగ్రీల్లో. సిమెంటు తయారీకి సున్నపురాయిని, మట్టిని కలిపి దాదాపు 1450 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఇనుము కరగాలంటే 1500 దాటాలి. మరి ఎండలో ఆరిన పచ్చి ఇటుకకో? ఎండే, ఇంకేం లేదు. తాండూరు బండకో, బేతంచెర్ల బండకో? మంట లేదు, కానీ కోసే మిషను, మోసే లారీ ఉన్నాయి. తాటాకుకు అవి కూడా లేవు.

కార్డుల మీద ఒక్కో సామాను బొమ్మ గీయించి పక్కన మంట గుర్తులు వేయించండి: నీళ్లు మరిగే వేడికి పదింతల లోపైతే ఒక మంట, దాటితే రెండు, అసలు మంట లేకపోతే సున్నా. డిగ్రీలతో మొత్తం ఇంధనం లెక్క తేలదని మనకు తెలుసు, ఆ గొడవ హైస్కూల్లో చూసుకుంటారు.

సిమెంటు దగ్గర ఇంకో మాట చెప్పాలి. అక్కడ పొగ బొగ్గు మండినందువల్ల మాత్రమే రాదు. సున్నపురాయి వేడెక్కినప్పుడు దాని లోపల ఉన్న కార్బన్ డయాక్సైడు కూడా బయటికి వచ్చేస్తుంది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు 7, 8 శాతం సిమెంటు తయారీదే. టన్ను సిమెంటుకు సుమారు 600 నుంచి 900 కిలోల గ్యాసు వెలువడుతుంది. అంటే 50 కిలోల బస్తాకు 30 నుంచి 45 కిలోలు. ఐదో తరగతిలో ఎవరినైనా పిలిచి బరువు చూసి, "ఒక బస్తా వెనక ఇంచుమించు ఇంత బరువు గ్యాసు గాల్లోకి పోయింది" అనండి, గ్యాసుకు బరువుంటుందా అని పిల్లలు నోరెళ్లబెడతారు. (బరువు తూచడానికి ఎవరినీ బలవంతం పెట్టకండి, లావుగా ఉన్న పిల్లల్ని అసలు పిలవకండి.)

బూడిద ఇటుకను కూడా చర్చకు పెట్టండి. రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల్లో బొగ్గు మండగా మిగిలిన బూడిదకు రాతిపొడి, కొంచెం సిమెంటో సున్నమో కలిపి, మిషన్లో నొక్కి, నీళ్లతో తడుపుతారు, బట్టీ ఉండదు. మరి దీనికి ఎన్ని మంటలు వేయాలి? "సున్నా" అని ఒకరంటారు, "బొగ్గు మండింది కదా" అని ఇంకొకరంటారు, "అది కరెంటు కోసం మండింది, ఇటుక కోసం కాదు" అని మూడోవాళ్లంటారు. తేల్చకండి. పెద్దవాళ్లు కూడా ఇంకా దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు.

నాలుగో పని: మట్టి, సీసా, ఇటుక

దీనికి రెండు శనివారాలు పడుతుంది, తొందరపడకండి.

ముందు సీసా. మూతి వెడల్పుగా ఉండి లోపల కనపడే పచ్చడి సీసాలు కావాలి, ప్లాస్టిక్‌వైతే మేలు. ఒక్కో జట్టు ఒక్కో చోటి మట్టి తెస్తుంది: చెరువు మట్టి, ఎర్ర మట్టి, నల్లరేగడి, బడి తోట మట్టి. పైపైన ఆకులు, వేర్లు ఉన్న మట్టి వద్దు, జానెడు లోతు నుంచి తీయాలి. పుట్టమన్ను గోడలకు బ్రహ్మాండంగా పనికొస్తుందని తాతలు చెప్పే ఉంటారు, నిజమే, కానీ పుట్టల దగ్గరికి పిల్లల్ని పంపకండి, పాములుంటాయి. సీసాలో మూడో వంతు మట్టి, పైదాకా నీళ్లు, చిటికెడు ఉప్పు. మూత బిగించి రెండు నిమిషాలు గట్టిగా ఊపి, కిటికీలో పెట్టేయాలి, ఇక కదపకూడదు. ఒకట్రెండు నిమిషాల్లో అడుగున ఇసుక కూర్చుంటుంది. గంటా రెండు గంటల్లో దానిపైన సన్నటి ఒండ్రు. బంకమట్టి మాత్రం తెల్లారేదాకా నీళ్లలో తేలుతూ ఉండి చివర్లో పైపొరగా దిగుతుంది. మర్నాడు స్కేలుతో పొరల మందం కొలిచి పట్టిక రాయించండి.

నల్లరేగడి జట్టు సీసాలో బంక పొర దండిగా కనపడుతుంది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో పొలం నెర్రెలివ్వడం, మీ ఊళ్లో గోడలకు ఏటవాలు పగుళ్లు రావడం రెండింటికీ కారణం ఇదే అని చెప్పండి. రేగడి నేలల్లో పునాదికి ఎందుకు అంత లోతు తవ్వుతారో అడగకుండానే అర్థమవుతుంది.

తర్వాతి వారం ఇటుకలు. "అడుసు తొక్కనేల, కాలు కడుగనేల" అన్న సామెతను ఆ ఒక్కరోజుకు పక్కన పెట్టండి, ఎందుకంటే అడుసు తొక్కడమే ఆ రోజు పని. ముందురోజు తల్లిదండ్రులకు చెప్పి పాత బట్టలతో పంపమనండి. మట్టిలో గాజుపెంకులు, ముళ్లు లేవని మీరే జల్లెడ పట్టి చూసుకోండి. కాళ్లకు పుండ్లున్న పిల్లలు తొక్కొద్దు, వాళ్లకు గడ్డి కత్తిరించే పని ఇవ్వండి.

నాలుగు రకాలు చేయించండి. మొదటిది ఉత్త బంకమట్టి. రెండోది మట్టిలో సగం ఇసుక. మూడోది మూడు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, గుప్పెడు వరిగడ్డి. గడ్డిని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించాలి, పొడుగ్గా ఉంటే చుట్టలు చుట్టుకుంటుంది. నాలుగోది మూడోదానికే ఇరవయ్యో వంతు సిమెంటు కలిపింది. ఈ సిమెంటు కలపడం మాత్రం మీరే చేయండి, పిల్లలు దూరంగా ఉండాలి, తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. పొడి సున్నం జోలికి అసలు పోవద్దు, నీళ్లు తగిలితే సలసలా కాగుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. (నాలుగో రకం వింతేమీ కాదు, పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో సుమారు 5 శాతం సిమెంటు కలిపి ప్రెస్సులో నొక్కిన మట్టి దిమ్మెలతో పెద్ద పెద్ద భవనాలే కట్టారు.)

నీళ్లు తక్కువ పోయండి. మొదట్లో పిల్లలు చెంబులు చెంబులు పోసేస్తారు, మట్టి జావ అయిపోతుంది. ముద్ద చేసి పిడికిట్లో నొక్కితే వేళ్ల అచ్చు పడాలి, అరచేతికి మాత్రం అంటుకోకూడదు, అదీ గుర్తు. అచ్చులకు అడుగు తీసేసిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, జామెట్రీ బాక్సు సైజు చెక్క చట్రాలు ఏవైనా సరే. లోపల తడి చేసి పొడి బూడిదో సన్న ఇసుకో చల్లితే ఇటుక అంటుకోకుండా జారుతుంది, బట్టీల్లో పనిచేసేవాళ్లు చేసేది కూడా ఇదే. ముద్దను అచ్చులోకి మెల్లగా పెట్టకూడదు, పైనుంచి విసిరినట్టు కొట్టాలి, లేకపోతే మూలల్లో ఖాళీలు మిగులుతాయి. విసరమంటే పిల్లలకు ఇంకేం కావాలి?

తడిగా ఉన్నప్పుడే ప్రతి ఇటుక మీదా సరిగ్గా పది సెంటీమీటర్ల గీత గీసి, జట్టు పేరు, రకం నంబరు చెక్కించండి. సిమెంటు కలిపినదాని మీద మీరే గీయండి. తర్వాత నీడలో ఆరనివ్వాలి. నేరుగా ఎండలో పెడితే పైభాగం ముందు ఆరి పగిలిపోతుంది. రోజూ ఒకసారి పక్కలు మార్చాలి, నాలుగో రకం మీద మాత్రం గోనెపట్టా కప్పి వారం పాటు నీళ్లు చల్లాలి. ఇక్కడో చిక్కు ప్రశ్న వేయండి: "మట్టి ఇటుకను ఆరబెడుతున్నాం, సిమెంటుదాన్ని తడుపుతున్నాం, ఎందుకు?" మేస్త్రీలు క్యూరింగ్ అనేది ఇదే. సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది.

వారం, పది రోజుల తర్వాత ఆ పది సెంటీమీటర్ల గీతను మళ్లీ కొలిపించండి. ఉత్త బంకమట్టి ఇటుకలో గీత కుదించుకుపోయి ఉంటుంది, ఒళ్లంతా నెర్రెలు. గడ్డి కలిపినదాంట్లో పగుళ్లు తక్కువ. ఇసుక ఎక్కువైనది గోటితో గీరితే రాలుతుంది. ఇక పరీక్షలు: నడుము ఎత్తు నుంచి మట్టి నేల మీదికి వదలడం, రెండు రాళ్ల మధ్య వంతెనలా పెట్టి పైన పుస్తకాలు పేర్చడం, సీసా మూతకు చిల్లు పెట్టి చుక్క చుక్కగా నీళ్లు పోయడం. ఏ రకం నెగ్గుతుందో ముందే చీటీ మీద రాయించి దాచండి. రకానికి రెండు ఇటుకలు మాత్రం పరీక్షల్లోకి తీసుకోకుండా అట్టే పెట్టాలి, ఆఖర్న కావాలి.

రామప్ప గుడి కథ చెప్పడానికి ఇదే సమయం. ములుగు జిల్లా పాలంపేటలో కాకతీయుల కాలంలో, 1213లో కట్టిన గుడి అది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. లోపలంతా సన్నటి బొక్కలు ఉండబట్టే ఆ తేలిక. పైన బరువు తగ్గితే కింద గోడల మీద, పునాది మీద భారం తగ్గుతుంది. "ఇటుక తేలుతుందా?" అని మన ఇటుక ముక్కను బకెట్లో వేసి చూస్తారు, మునుగుతుంది, ఫర్వాలేదు.

ఐదో పని: పేర్చడం

ఇది అరగంటలో అయిపోతుంది. అగ్గిపెట్టెలతో ఒక గోడ అతుకు మీద అతుకు వచ్చేలా, ఇంకోటి సగం సగం జరిపి పేర్చి, రెండింటినీ స్కేలుతో నెట్టి చూడమనండి. తర్వాత మూడు కాగితాలు: ఒకటి గుండ్రటి గొట్టం, ఒకటి నలుపలక, ఒకటి త్రికోణం. నిలబెట్టి పైన నోట్సులు పేర్చితే సాధారణంగా గుండ్రటిదే ఎక్కువ మోస్తుంది. సామాను అదే, ఆకారం మారింది. లారీ బేకర్ బాగా వాడిన ఎలుకబోను కట్టుడు గురించి కూడా చెప్పండి, ఇటుకలను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతి. దానివల్ల సుమారు పాతిక శాతం ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీలో గాలి ఉండి వేడిని ఆపుతుంది. తక్కువ సామానుతో అదే గోడ కట్టగలిగితే అది కూడా పర్యావరణానికి మేలే, ఈ సంగతి పెద్దలకే తట్టదు.

ఆరో పని: ఎండలో డబ్బాలు

ఒకే సైజు చెప్పుల డబ్బాలు మూడు తీసుకోండి. ఒకదానికి రేకు కప్పు, రెండోదానికి అదే రేకుకు తెల్లగా సున్నమో తెల్ల రంగో కొట్టిన కప్పు, మూడోదానికి మందంగా తాటాకో గడ్డో. నూనె డబ్బా కత్తిరిస్తే రేకు వస్తుంది, కానీ కత్తిరించడం, అంచులు మడవడం, రంగు కొట్టడం మీ పనే. గది థర్మామీటరును ఒక్కో డబ్బాలో పావుగంట ఉంచి డిగ్రీలు రాయించండి. జ్వరం చూసే థర్మామీటరు ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు, అది 42 డిగ్రీలు దాటితే పనికిరాదు, పాదరసందైతే పగిలితే ప్రమాదం కూడా. థర్మామీటరు లేకపోతే మూడు స్టీలు గిన్నెల్లో ఒకే సైజు ఐసు ముక్కలు పెట్టి ఏది ముందు కరిగిందో చూడండి, ఐసైతే తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తుంది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేస్తే హాయి. ఒంటిపూట బడులు మొదలయ్యాక అయితే పదింటికల్లా ముగించండి, డబ్బాలు ఎండలో, పిల్లలు నీడలో.

తెల్ల రేకుకూ మామూలు రేకుకూ తేడా చూశాక 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ ఎందుకు తెచ్చిందో ఒక్క ముక్కలో చెప్పేయచ్చు: డాబాల మీద తెల్లపూత వేస్తే ఎండ వెనక్కి పోతుంది, ఫ్యాన్లు, ఏసీలు తక్కువ తిరుగుతాయి. మొదటి రోజు చేత్తో ముట్టుకుని రాసుకున్న పడమటి గోడ సంగతి ఇప్పుడు బయటికి తీయండి. ఆ గోడ పక్కన ఏం చేయాలో పిల్లలే చెప్తారు, చెట్టు నాటుదాం అనో, పందిరి వేద్దాం అనో.

ఏడో పని: మేస్త్రీని పిలవడం

ప్రతి ఊళ్లో, ప్రతి తరగతిలో తాపీ మేస్త్రీ కూతురో కొడుకో ఉంటారు. ఆ నాన్నను బడికి పిలవండి, కుర్చీ వేయండి, "మేస్త్రీ గారు" అని పిల్లల చేత అనిపించండి. ఉపన్యాసం అడగొద్దు, పని చేసి చూపించమనండి. తాపీ, దారానికి కట్టిన గుండు, రసమట్టం, సన్నటి పారదర్శక పైపులో నీళ్లు పోసి మట్టం చూసే పద్ధతి. ఆ పైపు రెండు కొసలనూ ఇద్దరు పిల్లలు దూరంగా పట్టుకుని, నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తులో ఎందుకు నిలుస్తాయని అడిగితే సైన్సు టీచరు కూడా వచ్చి నిలబడాల్సిందే. మేస్త్రీ గారు కూలిపని కోల్పోయి వస్తారు కాబట్టి సాయంత్రం ఆఖరి పీరియడ్ పెట్టుకోండి, లేదా ఆయన పనిలేని రోజు చూసుకోండి. ఆడవాళ్లు కూడా సిమెంటు పనుల్లో ఉంటారు, తట్టలు మోసేవాళ్లుగానే కాదు, మట్టి గోడలు మెత్తి అలికే పనిలో ఊళ్లో చెయ్యి తిరిగినవాళ్లు వాళ్లే. కుదిరితే ఒక అమ్మమ్మ చేత పేడనీళ్లతో అలుకు చూపించండి.

ఆయనను తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సిమెంటు లేకుండా కుదరని చోటు ఏది? బాత్రూము, నీళ్ల ట్యాంకు, స్లాబు అని చెప్తారు. పిల్లలు ఇది వినాలి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన లాంటిది మళ్లీ వస్తే జనం తలదాచుకోవాల్సిన తుఫాను షెల్టరును తాటాకుతో కట్టమని ఎవరూ అనరు.

ఎనిమిదో పని: ఊరికో ఇల్లు

ఇప్పుడు జట్లకు చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక ఊరు: ఎండలకు పేరుపడ్డ రెంటచింతల, గాలివానల నాగాయలంక, చలి, వాన ఎక్కువుండే అరకు, వాన తక్కువున్న అనంతపురం. ఆ ఊరికి ఏ సామానుతో, ఏ ఆకారంలో ఇల్లు కడతారో అట్ట, మట్టి, పుల్లలతో నమూనా చేయాలి. ప్రతి సామానుకూ మూడు ప్రశ్నల కార్డు జత చేయాలి. అరకు జట్టు వెదురు వాడితే బాగుంటుంది, మూడు నుంచి ఐదేళ్లలో కోతకొస్తుంది. పాత తలుపు, పాత బండ, పాత అల్యూమినియం కిటికీ వాడిన జట్టుకు అదనపు మార్కులు ఇవ్వండి. పాత అల్యూమినియం కరిగించి వాడితే కొత్తగా తయారుచేయడానికి పట్టే కరెంటు, ఇంధనంలో సుమారు 95 శాతం మిగులుతుంది.

నమూనాలు అందంగా లేకపోయినా పట్టించుకోకండి. థర్మోకోల్ షీటు తెచ్చి, రంగు కాగితాలతో ఇంట్లో పెద్దవాళ్లు చేసిచ్చినదానికి మార్కులు వేయకండి. పర్యావరణం ప్రాజెక్టుకు థర్మోకోల్ వాడటం మన బడుల్లో ఎన్నాళ్లుగానో సాగుతున్న వింత.

పిల్లలకు ఎంత వచ్చిందో చూడాలంటే రాతపరీక్ష పెట్టకండి. ఇప్పటిదాకా మాట్లాడని వస్తువు ఒకటి చేతికివ్వండి, ప్లాస్టిక్ తలుపు ముక్కో, టైల్సు ముక్కో (అంచులు అరగదీసి), కొబ్బరి పీచు తాడో. మూడు ప్రశ్నలు వాళ్లంతట వాళ్లే అడిగితే వచ్చినట్టే. జవాబులు తెలియకపోతే ఎవరిని అడగాలో చెప్పగలిగినా చాలు.

ఆఖరి పని: పడగొట్టడం

మూడో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అట్టే పెట్టిన ఇటుకలను రకానికో బకెట్లో నీళ్లు పోసి నానబెట్టండి, మర్నాటి దాకా. మొదటి మూడు రకాలు విచ్చుకుని మళ్లీ మట్టైపోతాయి. ఆ మట్టిని బడి తోటలో కలిపేయండి లేదా వచ్చే ఏడు పిల్లలకు దాచండి. సిమెంటు కలిపినది మాత్రం కరగదు. వానలో నిలవడానికి కారణం అదే, మళ్లీ మట్టిగా మారకపోవడానికీ అదే, రెండూ ఒకే వరసలో పట్టికలో రాయించండి. హైదరాబాదులో కూల్చిన ఇళ్ల శిథిలాలను నలిపి మళ్లీ వాడేందుకు జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ప్లాంట్లు ఎందుకు పెట్టారో ఇప్పుడు చెప్తే తలకెక్కుతుంది. మీ ఊళ్లో అలాంటివి ఉండవు కాబట్టి మీ సిమెంటు ఇటుకలు ఏం చేయాలో పిల్లల్నే అడగండి. ఎక్కువమంది తోటలో పాదుల చుట్టూ అంచు పేరుద్దాం అంటారు, లేదంటే వానాకాలం బురదయ్యే గేటు ముందు గుంతలో వేసి తొక్కేయండి.